అరగని పళ్ళు

జానకి పోయిన ఏడు నెలలకు ఆమె పళ్ళ సెట్టు శివరామయ్య బల్ల మీదికి తిరిగి వచ్చింది. తెచ్చింది మరదలు పూర్ణిమ. నాగాయలంకలో పొద్దున్నే బస్సెక్కి, పామర్రులో మారి, గుడివాడలో దిగి తిన్నగా షాపుకే వచ్చింది. ఇంటికి వెళ్ళలేదు. అక్క లేని ఇంట్లో తనకేం పని అనుకుందేమో. అనుకున్నా తప్పు లేదు.

షాపంటే పన్నెండడుగుల గది. అందులో ముప్పై ఎనిమిదేళ్ళుగా శివరామయ్య పళ్ళ సెట్లు చేస్తున్నాడు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపుతారు. అతను ఆ అచ్చులో ప్లాస్టర్ పోస్తాడు. మైనంతో చిగుళ్ళు దిద్ది పళ్ళు పేరుస్తాడు. దాన్ని ఫ్లాస్కు అనే ఇత్తడి అచ్చుపెట్టెలో బిగించి, మైనం కరిగించి పారబోసి, ఆ ఖాళీలో పౌడరూ లిక్విడూ కలిపిన గులాబీరంగు ముద్ద కూరి ఉడకబెడతాడు.

లిక్విడు చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది. సీసా మీద మిథైల్ మెథాక్రిలేట్ అని రాసి ఉంటుంది గాని, అంత పేరు పలికే తీరిక ఈ పనిలో ఎవరికీ లేదు. మూత తీస్తే ముక్కులోంచి నడినెత్తికెక్కే ఘాటు. పౌడరు తగిలితే బంకవుతుంది, బంక ముద్దవుతుంది, వేడికి ముద్ద రాయవుతుంది. రాయయ్యాక దానికి వాసనా ఉండదు, రుచీ ఉండదు, ఎవరి జోలికీ పోదు. కాకపోతే పూర్తిగా రాయవ్వాలి. అవ్వకుండా మిగిలిపోయిన లిక్విడు లోపలే ఉండి, నోటి తడి తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం బయటికి ఊరుతుంది. పనిలో చేరిన మొదటి నెలలోనే నేర్పే సంగతి ఇది.

పూర్ణిమ చేతిసంచీలోంచి నీలం ప్లాస్టిక్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"అక్కది, బావగారూ. మా ఇంట్లో ఉండిపోయింది. అమ్మకి కాస్త సర్దివ్వండి."

"ఏం సర్దాలి?"

"అమ్మ నోటికి సరిపోయేట్టు. పళ్ళూడి పదేళ్ళయింది గదా, మెత్తన్నం తిని తిని విసుగొచ్చిందంటోంది. అక్క చీరలు నాకిచ్చారు. ఇది అమ్మ వాడుకుంటుంది."

శివరామయ్య డబ్బా మూత తీయలేదు. "అవి చెప్పులు కాదు పూర్ణిమా, కాస్త బిగువైనా తొక్కుకుంటూ తిరగడానికి. ఒకరి నోటికి చేసింది ఇంకొకరి నోటికి పట్టదు."

"నాన్న కళ్ళజోడు అమ్మకి పట్టిందిగా? పేపరంతా చదివేస్తుంది దాంతో."

"కళ్ళజోడు చెవులకి తగిలిస్తే నిలబడుతుంది. అయినా వాడేసిన పళ్ళు మీ అమ్మకెందుకు?"

"వాడిందెక్కడ?" పూర్ణిమ నవ్వబోయి ఆగింది. "కొత్తవే గదా అని అమ్మ ఆశ."

"ఏమన్నావు?"

"అదే... అక్క పెట్టుకునేది కాదు గదా బావగారూ. మా ఊళ్ళో బస్సు దిగగానే తీసి డబ్బాలో పెట్టేసేది. తిరిగి బస్సెక్కేటప్పుడు పెట్టుకునేది. ఆఖరిసారి జ్వరంతో కారెక్కించాం చూడండి, ఆ కంగారులో డబ్బా మా గూట్లోనే ఉండిపోయింది."

"నా ముందు రోజూ పెట్టుకునేది."

పూర్ణిమ బల్ల మీది ప్లాస్టర్ పొడిని వేలితో ఒకచోటికి నెట్టింది. "మీ ముందు పెట్టుకునేది," అంది.

ఆమె లేచింది. "అమ్మకేం చెప్పమంటారు?"

"నేనొస్తానని చెప్పు. కొలత తీసి కొత్తది చేస్తాను."

ఆమె వెళ్ళాక డబ్బా తెరిచాడు. సెట్టును వెలుతురులోకి పట్టుకుని చూశాడు. అతనికి చదువు పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతితో ఆగింది గాని, పళ్ళు చదవడం బాగా వచ్చు. అన్నం తినే మనిషి నోట్లో ఈ పళ్ళు ఆరు నెలలకే మొనలు పోగొట్టుకుంటాయి. ఏడాదికి దవడపళ్ళు నునుపు తేలతాయి. తమలపాకు వేసే వాళ్ళవి, కుడివైపే నమిలే వాళ్ళవి, నిద్రలో కొరికే వాళ్ళవి, దేని అరుగుదల దానిది. ఎవరి సెట్టైనా చేతికిస్తే ఆ మనిషి ఎలా తింటాడో చెప్పగలడు.

జానకి సెట్టుకు రెండేళ్ళు. మొనలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అట్టకు అంటుకుని కంపెనీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉన్నాయో అలా. ఈ పళ్ళతో ఆమె ఒక్క పూట కూడా నమలలేదు.

రెండేళ్ళ కిందట మాఘమాసంలో పూర్ణిమ కూతురు హర్షిణి పెళ్ళి. అంతకు రెండు నెలల ముందే జానకి చివరి పళ్ళు తీయించుకుంది. చిగుళ్ళు మానాక సెట్టు చేస్తానన్నాడు శివరామయ్య. ఈలోగా ఎవరో పెద్దమనుషులు ముసలివాళ్ళకు ఉచితంగా పళ్ళ సెట్లు ఇస్తామని గుడివాడలో క్యాంపు పెట్టారు. ఆ పనంతా ఇతనికే వచ్చింది. ఉన్న ఎనిమిది ఫ్లాస్కులూ పొద్దూ మాపూ పొయ్యి మీదే. పెళ్ళి రెండు రోజుల్లోకి వచ్చింది.

"బోసినోటితో ఎలా రానండీ?" అంది జానకి. "ఫోటోల్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడమంటారా?"

ఉడకబెట్టకుండానే గట్టిపడే మందు ఒకటుంది. అది విరిగిన సెట్లు అతకడానికి. పొయ్యి అక్కర్లేదు, ఫ్లాస్కు పొయ్యి మీద ఉండక్కర్లేదు. కలిపి పోస్తే పావుగంటలో బల్ల మీదే బిగుసుకుంటుంది. కాని దానిలో రాయవ్వకుండా మిగిలే లిక్విడు ఎక్కువ. ఆ మందుతో నిండు సెట్టు ఎవరూ చెయ్యరు. ఏ డాక్టరుకూ అలాంటిది పంపే ధైర్యం శివరామయ్యకు లేదు. పెళ్ళానికి చేశాడు. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి ఏడింటికి ఆమె చేతిలో పెట్టాడు.

"ప్రస్తుతానికి ఇది పెట్టుకో. ఫ్లాస్కులు ఖాళీ అవ్వగానే మంచిది చేస్తాను."

పెళ్ళి ఫోటోల్లో జానకి బాగుంది. పెళ్ళయిన మూడోరోజు, అన్నం ముందు కూర్చుని, "నోరు మండుతోందండీ," అంది.

"కొత్తలో అలాగే ఉంటుంది."

పది రోజుల తర్వాత మళ్ళీ అంది. అంగిలి అంతా పచ్చిపుండులా ఉందంది. ఇంకో నెలకు మూడోసారి అంది. ఆ రోజు క్యాంపు సెట్లలో రెండు సరిపోలేదని తిరిగి వచ్చాయి.

"వెయ్యి నోళ్ళకి చేశాను. ఒక్కరూ మండిందనలేదు. నీ నోరొక్కటే ప్రత్యేకమా? మాట్లాడ్డం తగ్గించు, అదే తగ్గుతుంది."

నాలుగోసారి ఆమె అనలేదు. తగ్గిందనుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి అతను ఇంటికొచ్చేసరికి సెట్టు ఆమె నోట్లో ఉండేది. అతనికి వడ్డించి, తను తర్వాత తింటానని వంటింట్లోకి వెళ్ళేది. ఆ తర్వాత ఆమె ఏం తిన్నదో అతను ఎన్నడూ చూడలేదు. మజ్జిగన్నం తిని ఉంటుంది. గంజి తాగి ఉంటుంది. మనిషి చిక్కుతుంటే వయసు అన్నాడు. జ్వరం వచ్చి ఆస్పత్రిలో వేసినప్పుడు ముప్పై ఎనిమిది కిలోలు తూగింది. జ్వరం పెద్దదేం కాదు, తట్టుకునే సత్తువ ఒంట్లో లేదు అన్నాడు డాక్టరు. ఐదోరోజున పోయింది.

ఈ ఏడు నెలలూ శివరామయ్య జ్వరాన్ని తిట్టాడు, డాక్టరును తిట్టాడు, దేవుణ్ణి తిట్టాడు. ఆ కోపం అతనికి బాగా పనికొచ్చింది. ఇప్పుడు డబ్బా తెరిచి ఉంది. అతనికి కావలసింది ఒక్కటే. ఆమె నోరు నిజంగా మండిందా, లేక బద్ధకించి పెట్టుకోలేదా? అది తేలాలి.

సెట్టును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఏమీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ముప్పై ఎనిమిదేళ్ళు ఆ ఘాటు పీల్చిన ముక్కు అది. సాంబారు మాడినా జానకి చెప్తేనే తెలిసేది.

మర్నాడు బందరు బస్సెక్కాడు.

అక్కడ చిలకలపూడిలో రోల్డుగోల్డు పని జరిగే సందులో నబీ ఇల్లు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. అప్పటినుంచీ ఒకరికొకరు బావ. చేతులు వణుకుతున్నాయని నబీ పని మానేసి నాలుగేళ్ళయింది. మంచం మీద కూర్చుని రేడియో మరమ్మతు చేస్తున్నట్టు నటిస్తున్నాడు.

"ఏం బావా, గుడివాడలో పళ్ళూడే వాళ్ళు కరువయ్యారా? ఇటొచ్చావు?"

"నీకింకా నాలుగున్నాయిగా, వాటికోసం," అన్నాడు శివరామయ్య. డబ్బా ఇచ్చాడు.

నబీ సెట్టును తిప్పి చూశాడు. నవ్వు ఆగింది. "ఎవడు చేశాడిది? అతుకుమందుతో నిండు సెట్టు! పసుపు తిరిగిపోయింది చూడు. ఎవడో గాని చెయ్యి విరగ్గొట్టాలి."

"నేనే."

"ఎవరికి?"

"జానకికి."

నబీ "నఫీసా!" అని లోపలికి కేకేశాడు. మరుగుతున్న నీళ్ళు గ్లాసులో తెమ్మన్నాడు. సెట్టు అందులో వేసి, పైన సాసరు బోర్లించి, భార్యను పక్కన కూర్చోబెట్టాడు. పది నిమిషాలు ముగ్గురూ ఆ స్టీలు గ్లాసునే చూస్తూ కూర్చున్నారు. వీధిలో గిల్టు పని వాళ్ళ సుత్తులు టకటకమంటున్నాయి.

"తియ్యి. వాసన చూడు. ఏముంటే అది చెప్పు," అన్నాడు నబీ.

నఫీసా సాసరు ఎత్తి ముఖం వంచింది. వెంటనే వెనక్కి తీసుకుంది.

"మీ మందే అన్నయ్యా."

"బాగా తెలుస్తోందా చెల్లెమ్మా? పాత డబ్బా వాసనేమో?"

"ముప్పై ఏళ్ళు ఈయన చొక్కాలు ఉతికాను. నాకు తెలీదా?" అని గ్లాసు దూరంగా జరిపింది. "కొంచెమే ఉంది. కాని ఉంది."

"రెండేళ్ళ తర్వాత కొంచెమే ఉంటుంది," అన్నాడు నబీ. "మొదట్లో ఎంత ఉండాలి మరి! అయినా చాలామందికి ఏమీ కాదు బావా. తట్టుకుంటారు. పడని వాళ్ళకే..." అంటూ అతను ఆగి, శివరామయ్య ముఖంలోకి చూశాడు. "చెల్లెమ్మకి పడదుగా?"

"ఏం పడదు?"

"లిక్విడు! షాపు పెట్టిన కొత్తలో నీకు సాయం కూర్చునేది. రెండు చేతుల వేళ్ళూ పగిలి నీరు కారలేదూ? నా దగ్గరికొచ్చి పూత మందు పట్టుకెళ్ళావు. ఇంక నా మనిషిని ఆ సీసా దగ్గరికి రానివ్వనని నాతోనే అన్నావు. అన్న ప్రకారం రానివ్వలేదు కూడా."

శివరామయ్యకు గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉండడానికి అదేమీ చిన్న సంగతి కాదు. జానకి వేళ్ళకు తనే గుడ్డలు చుట్టాడు. పదిహేను రోజులు తనే వండి, తనే ముద్దలు కలిపి పెట్టాడు. వేళ్ళకు తగలకూడదని షాపు గుమ్మం ఎక్కనివ్వని మనిషి, అదే మందు తీసుకెళ్ళి ఆమె నోట్లో పెట్టాడు. మండుతోందంటే నోరు మూసుకోమన్నాడు.

"తిని వెళ్ళండన్నయ్యా," అంది నఫీసా.

అతను తినకుండానే వచ్చేశాడు. నబీ బస్టాండు దాకా రాలేదు. వచ్చి ఉంటే దారిలో ఏదో ఒక ఓదార్పు చెప్పేవాడు. చెప్పకూడదనే రాలేదు.

రెండు రోజులకు నాగాయలంక వెళ్ళాడు. అత్తగారు సత్యవతమ్మకు ఎనభై రెండేళ్ళు. అరుగు మీద కుర్చీ వేయించుకుని, మొగుడి కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. అతను మైనం మెత్తబెట్టి ఆమె నోటి కొలత తీశాడు. పైచిగురు, కిందిచిగురు. ఆ అంగిలి జానకి అంగిలిలాగే లోతుగా, ఇరుకుగా ఉంది. చేతులు కడుక్కుని ఎదురుగా కూర్చున్నాడు. బస్సులో వస్తూ కూడబలుక్కున్న మాటలు మొదలుపెట్టాడు.

"అత్తయ్యగారూ, జానకి సెట్టు సంగతి... తప్పు నాదేనండీ. అది..."

"తప్పుల సంగతి నేనడిగానా అల్లుడుగారూ? పళ్ళు అడిగాను."

"మీతో చెప్పిందా తను?"

"ఏం చెప్పాలి? ఇక్కడికొచ్చి నాతో పాటు చిగుళ్ళతో మెత్తన్నం తినేది. తల్లీ కూతుళ్ళం ఇద్దరం బోసినోళ్ళేసుకుని కూర్చునేవాళ్ళం. పళ్ళ డాక్టరు పెళ్ళానివి, నీకిదేం ఖర్మే అనేదాన్ని."

"నేను డాక్టర్ని కాదండీ."

"మాకు మీరే డాక్టరు." ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఆయన మంచిది చేస్తానన్నారమ్మా, ఫ్లాస్కులు ఖాళీ లేవుట అనేది. వచ్చిన ప్రతిసారీ అడిగాను. సంక్రాంతి వెళ్ళాక అడిగాను, వానలప్పుడు అడిగాను. ఇంకా ఖాళీ అవ్వలేదమ్మా, ఆయనకి పని ఎక్కువ అనేది. ఏడాదిన్నర ఖాళీ అవ్వనివి, అవేం ఫ్లాస్కులండీ?"

వంటింట్లోంచి పూర్ణిమ "అమ్మా!" అంది. సత్యవతమ్మ కళ్ళజోడు పెట్టుకుని పేపరు అందుకుంది.

గుడివాడ వచ్చాక శివరామయ్య చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పెట్టాడు. డాక్టర్ల మనుషులు ఫోన్లు చేస్తే, ఫ్లాస్కులు ఖాళీ లేవన్నాడు. ఏడు ఫ్లాస్కులు అరమీద బోర్లించి ఉన్నాయి. ఎనిమిదోదాంట్లో అత్తగారి సెట్టు ఒక్కటే బిగించాడు. లిక్విడు చుక్కలు లెక్కపెట్టి కలిపాడు. నీళ్ళు మరగకుండా, చల్లారకుండా, పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా పొయ్యి పక్కనే ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. ఆ పైన ఒక గంట మరగనిచ్చాడు. పొయ్యి ఆర్పి, ఫ్లాస్కును ఆ నీళ్ళలోనే తెల్లారేదాకా వదిలేశాడు. విప్పి, గీకి, నునుపు పట్టి, మంచినీళ్ళలో వేశాడు. మూడు రోజులు, రోజూ పొద్దున్నే నీళ్ళు మార్చాడు. మొత్తం ఐదు రోజులు పట్టింది. అందులో అతను పీట మీద కూర్చున్నది ఒక్క రోజు.

కూర్చున్నంతసేపూ అతని బుర్రలో ఒకటే ఆలోచన. తల్లికీ మండితే? అంగిలి ఒకటే, రక్తం ఒకటే. తల్లి వేళ్ళు కూడా పగిలే రకమేమో. ఎంత బాగా ఉడికించినా ఆ వంశం నోటికి ఈ మందు పడదేమో. అలాగైతే జానకికి ఏం చేసినా మండేదే. మంచి సెట్టు చేసినా మండేదే. అప్పుడు తప్పు మందుది, నోటిది. చేతిది కాదు. సెట్టు తీసుకుని మళ్ళీ నాగాయలంక బస్సెక్కినప్పుడు శివరామయ్య కోరుకున్నది అదే. ముసలావిడ నోరు మండాలని.

సత్యవతమ్మ సెట్టు పెట్టుకుంది. ఎడమవైపు కొంచెం ఒరుసుకుంటోందంటే ఆకురాయితో అరగదీశాడు. మళ్ళీ పెట్టుకుంది. అద్దంలో చూసుకుని, ముఖం ఎవరిదోలా ఉందని తీసేయబోయి, పూర్ణిమ వారిస్తే ఉంచుకుంది.

"మండుతోందాండీ?"

"లేదు."

"అంగిట్లో? నాలిక కింద?"

"లేదంటుంటే."

"ఇప్పుడే తెలీదు. కాసేపు ఉంటాను."

"ఉండండి. మీ ఇల్లే."

పదకొండయింది. ఆమె పేపరు చదువుకుంది. పన్నెండయింది. కిందటి రెండు పూటలూ తను ఏం తిన్నాడో కూడా గుర్తులేని శివరామయ్య, అరుగు మీద కూర్చుని ముసలావిడ దవడల వైపే చూస్తున్నాడు. ఒంటిగంటకు పూర్ణిమ ఇద్దరికీ వడ్డించింది. సత్యవతమ్మ మెత్తన్నం పక్కకు నెట్టి మామూలు అన్నం పెట్టమంది. దొండకాయ వేపుడు వేసుకుంది. నెమ్మదిగా, భయం భయంగా నమిలింది. తర్వాత భయం లేకుండా నమిలింది. మారు అడిగింది.

"ఏమైనా చురుక్కుమంటోందా అత్తయ్యగారూ? దాచకుండా చెప్పండి."

"కారం చురుక్కుమంటోంది. అది పూర్ణిమ చేతివంట. పళ్ళది కాదు."

మూడింటికి ఆమె కొబ్బరిముక్క తెమ్మంది. పూర్ణిమ కాయ కొట్టి ముక్కలు చేసి పళ్ళెంలో తెచ్చింది. పదేళ్ళ తర్వాత సత్యవతమ్మ పచ్చికొబ్బరి కొరికింది. నమిలి, పాలు మింగి, పిప్పి కూడా నమిలింది. ఆ చప్పుడు శివరామయ్యకు స్పష్టంగా వినబడుతోంది.

"అత్తయ్యగారూ," అన్నాడు. "పొద్దుట్నుంచీ ఐదు గంటలైంది. ఇప్పటికి తెలిసిపోవాలి. నిజంగా ఏమీ మండట్లేదాండీ? పోనీ కొంచెమైనా?"

సత్యవతమ్మ నమలడం ఆపింది. అతనేం అడుగుతున్నాడో, ఎందుకడుగుతున్నాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. అల్లుడి ముఖాన్ని చాలాసేపు చూసింది. ఒక్క మాట అబద్ధం చెప్తే అతను ఈ రాత్రి నిద్రపోతాడు. ఆ సంగతీ ఆమెకు అర్థమైంది.

"ఏమీ మండట్లేదు," అంది. "హాయిగా ఉంది."

అతను తల దించుకున్నాడు.

"అయితే మీకు చెయ్యడం వచ్చన్నమాట, అల్లుడుగారూ."

పళ్ళెంలోంచి ఇంకో కొబ్బరిముక్క తీసుకుని నమలసాగింది. శివరామయ్య ఆకురాయి, చిన్న కత్తి, మైనం ముక్క ఒక్కొక్కటే ఏరి సంచీలో వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు. సాయంత్రం బస్సుకు ఇంకా గంటన్నర టైముంది. కూర్చోమని ఎవరూ అనలేదు.